పైపుకి ఏ లైటరు కొనాలి? జెట్ మంట ఎందుకు వద్దంటున్నానంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పొగ తాగడానికి కొత్తగా బ్రయర్ కర్ర పైపు కొన్నారు. సిగార్లు కాల్చేవాళ్లకి అమ్మే జెట్ లైటరుతో వెలిగిస్తున్నారు. నెల తిరిగేసరికి బౌల్ (పొగాకు నింపే గిన్నె) అంచు ఒకవైపు నల్లబడి గరుకు తేలింది. పొగ నాలుకని చుర్రుమనిపిస్తోంది, పైగా మాటిమాటికీ ఆరిపోతోంది. మీ బావమరిది దసరాకి డల్లాస్ నుంచి వస్తున్నాడు, మంచి లైటరు ఏది తెప్పించుకోమంటారు అని.

సమాధానం ముందే చెప్పేస్తాను. బ్యూటేన్ గ్యాసుతో నడవాలి, పసుపుపచ్చటి సాదా మంట ఇవ్వాలి, ఆ మంట నిటారుగా కాక పక్కకి గానీ ఏటవాలుగా గానీ రావాలి, బొటనవేలితో చక్రం తిప్పితే వెలగాలి. ఈ నాలుగూ ఉంటే ఏ కంపెనీదైనా పైపుకి పనికొస్తుంది. అది చేతికొచ్చేదాకా వంటింట్లో అగ్గిపెట్టె చాలు. జెట్ లైటరుని మాత్రం ఈరోజు నుంచే పైపు దరిదాపులకి రానివ్వకండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఆ కారణం పట్టుబడకపోతే ఎంత ఖరీదైన లైటరు తెప్పించుకున్నా అంచు కాలుతూనే ఉంటుంది.

జెట్ లైటరులో గ్యాసు బయటికి రాకముందే గాలితో కలుస్తుంది. ఆ మిశ్రమం సన్నటి రంధ్రంలోంచి వేగంగా చిమ్ముతూ మండుతుంది. నీలిరంగూ, బుస్సుమనే చప్పుడూ అందువల్లే. కంసాలి ఊదుగొట్టంతో మంటని నగ మీదికి తోసే పద్ధతి కూడా ఇలాంటిదే. మీరు దమ్ము లాగినా లాగకపోయినా ఆ మంట ఎటు గురిపెడితే అటు దూసుకుపోతుంది. సాదా మంట తీరు వేరు. గ్యాసు బయటికొచ్చాక చుట్టూ ఉన్న గాలిని తీసుకుంటూ నింపాదిగా మండుతుంది. ఆ పసుపు వెలుగంతా మంటలో ఎర్రగా కాగే సన్నటి మసి రేణువులది. దానికి తోపుడు బలం లేదు. అందుకే మీరు దమ్ము లాగితే వంగి పొగాకులోకి దిగుతుంది, ఆపితే మళ్లీ పైకి లేస్తుంది. మంట మీ ఊపిరి చెప్పినట్టు వింటుంది. పైపుకి కావలసింది ఆ గుణమే.

మరి సిగారు వాళ్లు జెట్టే ఎందుకు వాడతారంటే, సిగారు కొస ఎలాగూ కాలి బూడిదైపోతుంది. మన గోదావరి లంకల పొగాకు చుట్టయినా అంతే. పొయ్యిలోంచి తీసిన నిప్పుకణికతో అంటించినా, జెట్‌తో అంటించినా కాలిన భాగం రాలిపోతుంది, దాన్ని మళ్లీ చూసుకునే పని లేదు. పైపులో పొగాకు పోతుంది, పాత్ర మిగులుతుంది. అదే అంచు మీదికి రేపూ ఎల్లుండీ, మీరు సరిగ్గా చూసుకుంటే ఇంకో ఇరవై ముప్ఫై ఏళ్లూ మంట తెస్తారు. బ్రయర్ అనేది మధ్యధరా తీరాల్లో పెరిగే ఎరికా ఆర్బోరియా అనే పొద మొదట్లో, వేరుకీ కాండానికీ నడుమ ఊరే బుడిపె. చాలా గట్టి కర్ర, వేడికి ఓర్చుకుంటుంది, అయినా కర్రే. కర్ర సుమారు మూడొందల డిగ్రీల సెల్సియస్ దగ్గరే బొగ్గవడం మొదలుపెడుతుంది. జెట్ మంట వెయ్యి డిగ్రీలు దాటుతుంది. పసుపు మంట కూడా చల్లనిదేమీ కాదు. తేడా ఎక్కడంటే, జెట్ తన వేడినంతా ఒక చిన్న చుక్క మీద కుమ్మరిస్తుంది, రెండు సెకన్లు చేయి అటూఇటూ అయితే చాలు. పసుపు మంటయితే అంచుని ఒరుసుకుంటూ పోయినా మసి అంటించి ఊరుకుంటుంది.

ఇప్పుడు మీ పైపుకి జరిగింది ఏమిటో తేల్చుకుందాం. అంచు నల్లబడటంలో రెండు రకాలున్నాయి, రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి. ఒకటి పైన పట్టిన మసి, రెండోది కర్రే కాలడం. పైపు పూర్తిగా చల్లారాక పగటి వెలుగులో కిటికీ దగ్గర కూర్చోండి. పాత నూలుగుడ్డ కొద్దిగా తడిపి వేలికి చుట్టుకుని, నల్లబడ్డ చోట మెల్లగా రుద్దండి. మసి అయితే గుడ్డకి అంటుకుని కింద కర్ర చారలు బయటపడతాయి. ఆ తర్వాత బౌల్ నోటి లోపలి అంచు వెంట గోరు నెమ్మదిగా తిప్పండి. బాగున్న చోట గోరు ఒక స్పష్టమైన మలుపు మీద నడుస్తుంది. కాలిన చోట ఆ మలుపు అరిగి జారుడుగా తగులుతుంది, గోరు సందులో నల్లటి పొడి మిగులుతుంది. పైనుంచి చూస్తే నోరు గుండ్రంగా కాక ఒకవైపుకి కోలగా సాగి ఉంటుంది. లైటరు ఎప్పుడూ ఒకే చేత్తో పడతాం కాబట్టి కాలడమూ ఎప్పుడూ ఒకవైపే జరుగుతుంది. మీరు గరుకు తేలిందని రాశారు గనక ఇది కాలడమే అని నా అనుమానం. పోయిన కర్ర తిరిగి రాదు, అంతమాత్రాన పైపు పాడైనట్టు కాదు. ఉప్పుకాగితం పట్టుకుని మీరే నున్నగా చేద్దామని కూర్చోకండి. అంచు మొత్తం ఎత్తు తగ్గిపోతుంది, పైన ఉన్న మెరుపు పోతుంది. అక్కడితో కాలడం ఆపగలిగితే ఆ గుర్తు అలాగే ఉండి, పైపు ఎప్పటిలాగే పనిచేస్తుంది. మొక్కజొన్న కంకి పైపులయితే ఇంకా తొందరగా కాలతాయి. మిస్సోరి మీర్‌షామ్ కంపెనీ 1869 నుంచీ ఆ కంకి పైపులు చేస్తోంది, చవకగా దొరుకుతాయి. కొత్తలో చేయి కుదిరేదాకా ఒకటి దగ్గర పెట్టుకోవడం మంచిదే.

మాటిమాటికీ ఆరిపోవడం గురించి. ఇందులో లైటరు పాత్ర చాలా తక్కువ. నూటికి తొంభై మంది దీన్ని లైటరు మీదికి తోసి, ఇంకా పెద్ద మంట వచ్చేది కొంటారు. జెట్ కొనడానికి కూడా చాలామందికి ఇదే కారణం. అసలు సమస్య పొగాకు తడి. డబ్బాల్లో వచ్చే పొగాకు, ముఖ్యంగా ఫ్లేక్ రకాలు (అదిమి పలకల్లా కోసినవి), తయారీదారులు కావాలనే తడిగా ఉంచుతారు. డబ్బా తీసి నేరుగా పైపులో నింపితే మీ మంటలో సగం నీళ్లు ఆవిరి చేయడానికే పోతుంది. ఆ ఆవిరే నాలుకని కాలుస్తుంది, ఆ తడే మళ్లీ నిప్పు ఆర్పుతుంది. చిటికెడు పొగాకు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా నొక్కి వదలండి. ముద్దలా అలాగే ఉండిపోతే తడి ఎక్కువ. నెమ్మదిగా విచ్చుకుంటే వెలిగించడానికి సిద్ధం. పుటుక్కున విరిగి పొడైతే మరీ ఎండిపోయింది. ప్రకాశం జిల్లాలో పొగాకు ఆకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేసినవాళ్లకి ఈ స్పర్శ చెప్పనక్కర్లేదు. క్యూరింగ్ అయిన ఆకు గాలిలో తేమ పీల్చుకుని మెత్తబడేదాకా వాళ్లు చేయి వేయరు, లేకపోతే చేతిలోనే పొడి అయిపోతుంది. మనకి కావలసింది దానికి తిరగేసిన పని. ఒక పైపుకి సరిపడా పొగాకు తీసి తెల్ల కాగితం మీద పలచగా పరిచి వదిలేయండి. హైదరాబాద్ ఎండాకాలంలో పావుగంట చాలు. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలమైతే గంటలు పట్టొచ్చు, ఏసీ గదిలో పెడితే తొందరగా ఆరుతుంది.

పొగాకు సరిగ్గా ఆరాక వెలిగించే తీరు. మంటని పొగాకు పైన, తాకీ తాకనట్టు పట్టుకుని చిన్న చిన్న దమ్ములు లాగండి. లాగినప్పుడల్లా మంట కిందికి వంగుతుంది. ఆ వంగిన మొనని అంచుకి దూరంగా, పొగాకు నడిమి నుంచి మొదలుపెట్టి గుండ్రంగా తిప్పండి. పొగాకు పైపొర ఉబ్బి, పోగులు పైకి లేస్తాయి. కాసేపటికి ఆరిపోతుంది, ఆరిపోనివ్వండి. ట్యాంపర్‌తో, అంటే పొగాకు అదిమే చిన్న పనిముట్టుతో, ఆ లేచిన పోగులని బరువు వేయకుండా సమం చేయండి. ఇప్పుడు పైన సన్నటి బొగ్గు పొర తయారైంది. రెండోసారి మంట చూపిస్తే ఆ పొర మొత్తం ఒకేసారి అంటుకుంటుంది, ఈసారి చాలాసేపు నిలుస్తుంది. రెండుసార్లూ కలిపినా మంట పొగాకు మీద ఉండేది కొన్ని సెకన్లే. మొదట్లో ఒకటి రెండుసార్లు అద్దం ముందు నిలబడి వెలిగించి చూడండి. పైపు నోట్లో ఉన్నప్పుడు బౌల్ లోపలిది మనకి కనబడదు, మంట సరిగ్గా దిగుతోందనుకుంటాం. అద్దంలో చూస్తే అది అంచు మీద కూర్చున్న సంగతి తెలుస్తుంది.

ఇక్కడే మంట దిశ ఎందుకు ముఖ్యమో తేలుతుంది. మామూలు సిగరెట్ లైటరులో మంట నిటారుగా పైకి లేస్తుంది. సిగరెట్టుకి అది సరిపోతుంది, కొస మన ముందు అడ్డంగా ఉంటుంది కాబట్టి. పైపు నోరు ఆకాశం వైపు చూస్తుంది. మంటని దానిలోకి దింపాలంటే లైటరుని పడుకోబెట్టాలి, ఇంకా చెప్పాలంటే తలకిందులు చేయాలి. వేడి గాలి పైకే పోతుంది గనక మంట వెనక్కి తిరిగి లైటరు మూతినీ మీ బొటనవేలినీ నాకుతుంది. వేలు చుర్రుమనగానే చేయి కదులుతుంది, మంట అంచు మీదికి పోతుంది. పైపు లైటర్లలో గ్యాసు రంధ్రం పక్కకి గానీ ఏటవాలుగా గానీ తిరిగి ఉంటుంది. లైటరు మామూలుగా నిలబెట్టి పట్టుకున్నా మంట పక్కకి వచ్చి, దమ్ము లాగగానే బౌల్లోకి వంగుతుంది. వేలు దూరంగా, చల్లగా ఉంటుంది.

ఏయే రకాలున్నాయో చూద్దాం. అగ్గిపుల్లని చాలామంది చిన్నచూపు చూస్తారు, నాకు మాత్రం ఇష్టం. కర్రపుల్ల మంట మెత్తన, ఎటైనా వంచొచ్చు, గ్యాసు వాసన లేదు. ఒక్కటే నియమం: గీయగానే పైపు దగ్గరికి తేకండి. తలలో గంధకం, పొటాషియం క్లోరేట్ మండే ఆ రెండు సెకన్లూ ఆగండి. ఆ ఘాటు పొగ లోపలికి లాగితే మొదటి దమ్ములన్నీ చెడతాయి. శివకాశి, కోవిల్‌పట్టి వైపు నుంచి మనకి వచ్చే పెట్టెల్లో మైనపు పుల్లలు కూడా ఉంటాయి. అవి సన్నం, చేతిలో వంగిపోతాయి, మైనం వాసన వస్తుంది. కర్రపుల్లలే ఏరుకోండి. 2021 డిసెంబరులో అగ్గిపెట్టె రూపాయి నుంచి రెండు రూపాయలైంది, అయినా పైపు వెలిగించడానికి అంతకంటే చవకైన సాధనం లేదు. గాలి వీచే చోట మాత్రం పుల్లలతో విసుగొస్తుంది.

పాన్‌షాపు లైటర్ల సంగతి. 20 రూపాయలలోపు విలువున్న లైటర్ల దిగుమతిని కేంద్రం 2023 జూన్‌లో నిషేధించింది, అగ్గిపెట్టెల పరిశ్రమ చాలాకాలంగా అడుగుతున్నది అదే. ఇప్పటికీ చవక లైటర్లు దొరుకుతున్నాయి గానీ వాటి మంట ఎత్తు ఒక్కోదానిది ఒక్కోలా ఉంటుంది. అత్యవసరానికి సరే. అంతకంటే కొంచెం పెట్టగలిగితే క్లిప్పర్ తీసుకోండి. స్పెయిన్ కంపెనీ, మన దగ్గరా దొరుకుతుంది. అడుగున గ్యాసు నింపుకోవచ్చు, చక్రంతో సహా నిప్పురవ్వ పుట్టించే రాయి ఉన్న గొట్టం మొత్తం పైకి ఊడొస్తుంది. ఆ గొట్టం అడుగుభాగంతో పొగాకుని అదుముకునేవాళ్లు చాలామంది ఉన్నారు, ట్యాంపర్ మరిచిపోయిన రోజు నిజంగా ఆదుకుంటుంది. పైపుల కోసం మంట పక్కకి వచ్చే క్లిప్పర్ కూడా ఉంది. మీరు డబ్బు ఎక్కువ పెట్టదలచుకోకపోతే నా మొదటి సలహా అదే. దానికి మించిన లైటర్లు అందంగా ఉంటాయి, చేతిలో బరువుగా బాగుంటాయి, కానీ పొగాకుకి ఆ తేడా తెలియదు.

జిప్పో గురించి మీరు ప్రత్యేకంగా అడిగారు. జార్జ్ బ్లైస్‌డెల్ 1932లో అమెరికాలో, పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్ ఊళ్లో మొదలుపెట్టిన కంపెనీ. చెడితే ఉచితంగా బాగుచేసి ఇస్తామన్న మాట ఇప్పటికీ నిలబెట్టుకుంటోంది. గాలిలో దాన్ని మించినది లేదు. పైపు వాళ్ల కోసం చిమ్నీకి (మంట చుట్టూ గాలికి అడ్డుగా ఉండే కన్నాల రేకుకి) పక్కన గుండ్రటి కన్నం ఉన్న రకం చేస్తారు. ఆ కన్నాన్ని బౌల్ నోటి మీద పెట్టి దమ్ము లాగితే మంట అందులోంచి కిందికి దిగుతుంది. ఇబ్బంది ఇంధనంతో. జిప్పోలో పోసేది నాఫ్తా రకం ద్రవం, వత్తితో మండుతుంది, దాని వాసన మొదటి దమ్ముల్లో తెలుస్తుంది. వెనిలా, చెర్రీ లాంటి పరిమళాలు పట్టించిన పొగాకులోనూ, పలచటి వర్జీనియా రకం పొగాకులోనూ బాగా తెలుస్తుంది. కట్టెల పొగలో ఆరబెట్టిన లటాకియా ఎక్కువున్న మిశ్రమాల్లో అంతగా పట్టదు, ఆ పొగాకే అంత ఘాటు. వెలిగించాక నాలుగైదు సెకన్లు ఆగి అప్పుడు పైపు దగ్గరికి తెస్తే వాసన తగ్గుతుంది, పూర్తిగా పోదు. జిప్పో పైతొడుగులో అమర్చుకునే బ్యూటేన్ ఇన్సర్ట్ (గ్యాసుతో నడిచే లోపలి భాగం) కూడా వాళ్లే అమ్ముతారు. అందులో జెట్ మంటవీ ఉన్నాయి, పసుపు మంటదీ ఉంది. చూసి పసుపు మంటదే తీసుకోండి, బయటికి రెండూ ఒకేలా కనబడతాయి.

ఇంకొక మంచి చవక పరికరం ఐమ్కో. ఆస్ట్రియాలో పుట్టిన లైటరు, అక్కడ 2012లో తయారీ ఆగిపోయింది, ఇప్పుడు జపాన్ కంపెనీ చేస్తోంది. ట్రిప్లెక్స్ రకంలో వత్తి ఉన్న ఇంధనపు గొట్టం వెలుగుతుండగానే కిందికి ఊడొస్తుంది, దాన్ని కొవ్వొత్తిలా పట్టుకుని ఎటు కావాలంటే అటు వంచుకోవచ్చు. నాఫ్తా వాసన మాత్రం దీనికీ ఉంది.

డబ్బుకి వెనకాడకపోతే జపాన్ లైటర్లు. కరోనా కంపెనీ ఓల్డ్ బాయ్ పేరు పైపు వాళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. నిలువుగా సన్నగా ఉంటుంది, మంట ఏటవాలుగా వస్తుంది, పక్కనే ఒక ట్యాంపర్ దాచి ఉంటుంది, లాగి వాడుకుని మళ్లీ దోపేయొచ్చు. కిరిబి అనే పేరుతో వచ్చేవి కూడా పైపుల కోసం చేసినవే, మంచి పనితనం. ఈ రెండూ కొత్తవి కొనాలంటే సుమారు వంద డాలర్ల దగ్గర మొదలై పైకి పోతాయి. పాత డన్‌హిల్ రోలాగ్యాస్ లాంటివి ఆన్‌లైన్‌లో కనబడి ఊరిస్తాయి. లోపల రబ్బరు వాషర్లు ఎండి గ్యాసు కారుతూ ఉంటాయి, బాగుచేసే మనిషి తెలిస్తే తప్ప అటు పోకండి. మంట లేకుండా కరెంటు మెరుపుతో అంటించే ప్లాస్మా లైటర్ల గురించి ఒక్క మాటలో, పైపుకి వద్దు.

చక్రం తిప్పేదే తీసుకోమని ఎందుకన్నానో చెప్పాలి. మీట నొక్కితే టిక్కుమని వెలిగేవాటిలో పియెజో ఉంటుంది. చిన్న సుత్తి ఒక పింగాణీ ముక్కని కొడితే వేల వోల్టుల మెరుపు పుట్టి సన్నటి తీగ కొస నుంచి దూకుతుంది. తీగ వెంట్రుకవాసి జరిగినా, తేమ చేరినా మెరుపు దారి తప్పుతుంది, ఇంట్లో బాగుచేసుకునేది కాదు. చక్రం లైటరులో చెడిపోయేది ఒకే ఒకటి, రాయి. అది పది నిమిషాల పని. మన తాతలు చెకుముకి రాయిని ఉక్కుముక్కతో కొట్టి దూదిలో నిప్పు పట్టి చుట్ట వెలిగించుకున్నారు, చక్రం లైటరు చేసేదీ అదే పని. లోపల ఉన్నది నిజమైన చెకుముకి రాయి కాదు, ఇనుమూ సీరియమూ కలిపిన ఫెర్రోసీరియం. ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ 1903లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. తీరప్రాంతం వాళ్లకి ఒక హెచ్చరిక: లైటరు నెలల తరబడి వాడకుండా పెట్టేస్తే ఈ రాయి తేమకి పొంగి పొడిగా మారి గొట్టంలో గట్టిగా పట్టేస్తుంది. దాచిపెట్టేముందు అడుగున స్క్రూ తిప్పి రాయి, స్ప్రింగు బయటికి తీసేయండి. స్ప్రింగు ఎగిరి మంచం కిందికి పోతుంది, వేలు అడ్డం పెట్టి తిప్పండి.

గ్యాసు నింపడం అందరూ తప్పుగా చేసే పని, అందుకే కాస్త ఆగి రాస్తున్నాను. బ్యూటేన్ లైటరు మంట బలహీనమైందంటే సగం సార్లు లోపల గ్యాసు లేక కాదు, గాలి చేరి. కొత్త గ్యాసు ఎక్కించే ముందు ఆ గాలి బయటికి పోవాలి. చుట్టుపక్కల పొయ్యి, అగరుబత్తి, దీపం ఏదీ వెలుగుతూ ఉండకూడదు, కిటికీ తెరిచి ఉండాలి. లైటరు చల్లగా ఉన్నప్పుడు మంట సర్దే స్క్రూని మైనస్ వైపుకి పూర్తిగా తిప్పండి. లైటరు తలకిందులుగా పట్టుకుని, అడుగున వాల్వు మధ్య ఉన్న పుల్లని చిన్న స్క్రూడ్రైవర్ మొనతో నొక్కండి. బుస్సుమంటూ మిగిలింది పోతుంది. కాసేపాగి మళ్లీ నొక్కండి, చప్పుడు పూర్తిగా ఆగేదాకా. తలకిందులుగానే ఉంచి గ్యాసు డబ్బాని పైనుంచి నిటారుగా వాల్వులోకి దింపి గట్టిగా నొక్కి కొన్ని సెకన్లు పట్టుకోండి. వాల్వు చుట్టూ ద్రవం చిందుతోందంటే నాజిల్ సరిగ్గా కుదరలేదని అర్థం, డబ్బా మూతలో వచ్చే అడాప్టర్లలో సరైనది చూడండి. నిండాక వెంటనే వెలిగించకండి. లోపలికి వెళ్లిన గ్యాసు మంచులా చల్లగా ఉంటుంది, చుట్టూ చిందినది ఇంకా గాలిలోనే ఉంటుంది. ఐదు పది నిమిషాలు పక్కన పెట్టి, ముఖానికి దూరంగా పట్టుకుని వెలిగించి, స్క్రూని కొద్దికొద్దిగా ప్లస్ వైపుకి తిప్పండి. పైపుకి మంట చూపుడువేలి మొదటి కణుపు అంత ఉంటే చాలు.

లైటర్ల కోసం శుద్ధిచేసిన బ్యూటేన్ డబ్బాలే వాడండి. వంటగ్యాసు సిలిండర్ నుంచి నింపుకోవడం ఎక్కడో వీడియోలో చూశానని రాశారు. దయచేసి ఆ పని చేయకండి, ఎవరు చేసినా ఆపండి. వంటగ్యాసులో ప్రొపేన్ కూడా ఉంటుంది. ఒకే ఉష్ణోగ్రత దగ్గర బ్యూటేన్ కంటే ప్రొపేన్ ఒత్తిడి మూడు నాలుగింతలు ఎక్కువ, ఆ ఒత్తిడికి లైటరు ట్యాంకు చేసినది కాదు. పైగా లీకు తెలియడానికి కలిపే మెర్కాప్టన్ దుర్వాసన పొగాకులో దిగుతుంది.

వేడి గురించి కూడా జాగ్రత్త. లైటర్లకి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9994 ప్రకారం 65 డిగ్రీల వేడిలో నాలుగు గంటలు తట్టుకోవాలి. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు ఆ అంకెని దాటగలదు. కారులో వదిలేయకండి. దీనికి వ్యతిరేకమైన ఇబ్బంది మన అమెరికా చలి ప్రాంతాల వాళ్లది. బ్యూటేన్ సున్నాకి అర డిగ్రీ దిగువన మరగడం ఆపేస్తుంది, షికాగో జనవరిలో బయటి జేబులో పెట్టుకుంటే మంట రాదు. చొక్కా లోపలి జేబులో ఒంటి వేడికి పెట్టుకుంటే పనిచేస్తుంది.

నాలుక చుర్రుమనడం తడి తగ్గించి, మంట తగ్గించి, నెమ్మదిగా లాగితే చాలావరకు పోతుంది. ఆ తర్వాత కూడా నోట్లో పుండు గానీ తెల్లమచ్చ గానీ రెండు వారాలకి మించి ఉంటే డాక్టరుకి చూపించండి, ఆలస్యం చేయకండి. పైపు పొగ లోపలికి పీల్చం కాబట్టి హాని లేదనే మాట నిజం కాదు. పెదవి, నోరు, గొంతు క్యాన్సర్లు పైపు తాగేవాళ్లలో ఎక్కువ. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో అడ్డపొగ (చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని) తాగే ఆడవాళ్ల అంగిళ్లు ఎలా దెబ్బతింటాయో వైద్యులు దశాబ్దాలుగా రాస్తున్నారు. నాలుకకి, అంగిటికి తగిలే వేడిని తక్కువగా చూడకండి. మీకింకా అలవాటు ముదరలేదు, మానేస్తానంటే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. కొనసాగిస్తానంటే కనీసం ఇంట్లో పిల్లల మధ్య వెలిగించకండి.

ఇక మీ బావమరిది సంగతి. అమెరికా విమానాశ్రయాల్లో జెట్ లైటర్లని చేతిసంచిలోనూ, చెక్-ఇన్‌లోనూ కూడా ఒప్పుకోరు. గ్యాసు ఉన్న మామూలు లైటరుని కూడా ప్రత్యేకమైన పెట్టె లేకుండా చెక్-ఇన్‌లో వేయకూడదు. మన దేశంలో విమానం ఎక్కేటప్పుడు లైటరు జేబులో ఉన్నా తీసేసుకుంటారు. అతను ఢిల్లీలోనో ముంబైలోనో దిగి హైదరాబాద్‌కి ఇంకో విమానం ఎక్కుతున్నట్టయితే వంద డాలర్ల లైటరు అక్కడి డబ్బాలో పడుతుంది. కాబట్టి ఒక్కసారి కూడా గ్యాసు నింపని కొత్త లైటరుని, కంపెనీ పెట్టె సీలు విప్పకుండా, చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టమనండి. అంతకుముందు ఆ ఎయిర్‌లైన్స్‌కి ఒక ఫోను చేసి అడగమనండి, ఒక్కో కంపెనీ ఒక్కోలా అంటుంది. గ్యాసు డబ్బా మాత్రం ఏ సంచిలోనూ తేకూడదు, అది ఇక్కడే కొనుక్కోవచ్చు. లైటరుతో పాటు దానికి సరిపోయే రాళ్లు రెండు ప్యాకెట్లు తెమ్మనండి, అన్ని రాళ్లూ ఒకే మందం కావు.

షాపులో అడగాల్సినప్పుడు పైపు లైటర్, సాఫ్ట్ ఫ్లేమ్ (సాదా మంట), ఫ్లింట్ (రాయి) అని ఈ మూడు మాటలూ చెప్పమనండి. టార్చ్ (అంటే జెట్టే) అన్న మాట పెట్టె మీద కనబడితే వెనక్కి పెట్టేయాలి. అతను వచ్చేలోపు మీరు అగ్గిపుల్లలతో, బాగా ఆరబెట్టిన పొగాకుతో ఒక వారం తాగి చూసి, ఒక్కో పైపుకి ఎన్నిసార్లు మళ్లీ వెలిగించాల్సి వస్తోందో రాయండి. ఏ పొగాకు, పైపు తిన్ననిదా వంపుదా అన్నది కూడా చెబితే, ఓల్డ్ బాయ్‌కి డబ్బు పెట్టాలా, క్లిప్పర్ సరిపోతుందా అన్నది చూసి చెబుతాను.